ఒక్క జీతం, ఇంట్లోనే చదువు: ముందు సాయంత్రం ఆరు గంటల సంగతి చూసుకోండి

నాలుగున్నరేళ్ల బాబు, రెండేళ్ల పాప, ఒక్క జీతం, హైదరాబాద్ మియాపూర్‌లో అద్దె ఇల్లు. ఎల్‌కేజీకి స్కూలువాళ్లు చెప్పిన ఫీజు విని వెనక్కి వచ్చేశామని, ఒకటో తరగతి దాకా ఇంట్లోనే నేర్పించుకుందామని అనుకుంటున్నామని మీరు రాశారు. ఇల్లు పొదుపుగా ఎలా నడపాలి, అంట్లు తోమే మనిషిని మాన్పించనా, పిల్లలకి ఏం నేర్పాలి, చట్టం ఏమంటుంది అని అడిగారు. "పిల్లాడి చదువుతో ప్రయోగాలేంటి?" అని అత్తగారు గొణుగుతున్నారని కూడా చెప్పారు. ఆవిడ సంగతి చివర్లో మాట్లాడుకుందాం.

మేం ఉండేది మౌలాలిలో. మా అమ్మాయి ఇప్పుడు ఎనిమిదో తరగతి, అబ్బాయి అయిదు. అమ్మాయి నేరుగా రెండో తరగతిలో, అబ్బాయి ఒకటో తరగతిలో బడికి వెళ్లారు. అంతకుముందంతా ఇల్లే. మాదీ ఒక్క జీతమే. కాబట్టి కింద రాసేదంతా చేసి చూసిందే. చేసి చెడగొట్టుకున్నదీ ఉంది.

పప్పు, చింతపండు, సబ్బుల కంటే ముందు ఒక మాట. మొదటి ఏడాది నేను ఖర్చుల పుస్తకం బుద్ధిగా రాసేదాన్ని. ఎంత రాసినా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఒక నెల మావారు "ఖర్చు పక్కన టైము కూడా రాసి చూడు" అన్నారు. రాస్తే తెలిసింది. పొద్దున రైతుబజార్‌లో తిరిగి తిరిగి 40 రూపాయలు మిగిల్చిన రోజునే, రాత్రి ఏడున్నరకి 380 రూపాయలు పెట్టి బయటి నుంచి తెప్పించాను. ఒక్క రోజు కాదు, ఆ నెలలో తొమ్మిది సార్లు. అనవసరపు ఖర్చు దాదాపు అంతా సాయంత్రం ఆరుకీ ఎనిమిదికీ మధ్యే. ఆ టైముకి చిన్నోడు ఏడుస్తుంటాడు, పెద్దది ఆకలంటుంది, సింకు నిండా అంట్లు, నాకు కాళ్లు లాగేస్తుంటాయి. ఫోన్ తీసి ఆర్డర్ పెట్టడమో, కింద బేకరీ నుంచి పఫ్‌లు తెప్పించడమో, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేసి కూలబడడమో. అదంతా దుబారా అనను, ఒంట్లో ఓపిక లేక పెట్టిన ఖర్చు అంటాను.

అందుకే అంట్లు తోమే మనిషిని మాన్పించొద్దంటాను. నేను నాలుగు నెలలు మాన్పించి చూశాను. ఆమెకిచ్చే డబ్బు మిగిలింది, బయటి తిండికి అంతకు రెట్టింపు పోయింది, పిల్లల మీద అరవడం ఎక్కువైంది. కోయాలనుకుంటే టీవీ ప్యాకేజీ కొయ్యండి, పుట్టినరోజుల రిటర్న్ గిఫ్టులు కొయ్యండి. పాలు, గుడ్లు, పిల్లల చెప్పులు, ఆ మనిషి, ఈ నాలుగింటి జోలికి పోకండి.

సాయంత్రం ఆరు గంటల వంట పొద్దున పదకొండుకే అయిపోవాలి. నేను కుక్కర్‌లో మూడు గిన్నెలు పెడతాను. కింద గంట ముందు నానబెట్టిన కందిపప్పు, మధ్యలో బియ్యం, పైన ఆలుగడ్డో గుడ్లో. ఒకే మంట. మధ్యాహ్నం పప్పు తాలింపు, రాత్రికి అదే పప్పులో కొంత ముద్దపప్పుగా తీసి పక్కన పెట్టి పచ్చి పులుసు. పచ్చి పులుసుకి పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు కదా, చింతపండు పిసికి, ఉల్లిగడ్డ సన్నగా తరిగి, ఉప్పు, కాస్త బెల్లం వేసి, పిల్లలకి తీశాక పెద్దవాళ్లకి మిరపకాయ నలిపితే చాలు. వారంలో రెండు రోజులు దోసె పిండి. ఇంతే. వారానికి ఏడు రకాలు వండాలని పెట్టుకుంటే మళ్లీ ఫోన్ చేతిలోకి వస్తుంది.

సాయంత్రం చిరుతిండికి మా ఇంట్లో సర్వపిండి. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా అమ్మాయికి లెక్కలు మొదలైంది దీంతోనే. రెండు గ్లాసుల బియ్యప్పిండి, గుప్పెడు నానిన శనగపప్పు, గుప్పెడు పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, ఉప్పు, కారం. గ్లాసులు కొలిచే పని పిల్లలది. నీళ్లు కొద్దికొద్దిగా పోసి కలిపిన ముద్దని, నూనె రాసిన చల్లటి మందపాటి గిన్నెలో పలచగా అద్దాలి. గిన్నె వేడిగా ఉంటే పిండి అంటుకోదు, చేయి కాలుతుంది. అద్దాక వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో రెండు చుక్కల నూనె, మూత, సన్న మంట. ఆ చిల్లులు పెట్టడం పిల్లల హక్కు. "ఇవాళ తొమ్మిది పెట్టు" అనేదాన్ని. మధ్యలో ఒకటి, చుట్టూ ఎనిమిది పెట్టేది. ఒకరోజు తనే "మూడు మూడు మూడు పెడితే కూడా తొమ్మిదే" అని వరసలుగా పెట్టింది. అప్పటికి అయిదేళ్లు. గుణకారం అన్న మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. రెండో సర్వపిండికి రెండో గిన్నె ఉంచుకోండి, మొదటిది చల్లారేదాకా పిల్లలు ఆగరు.

నేర్పడం గురించి నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఇందులోనే ఉంది. ఇంటిపని ఒక పక్క, పిల్లల చదువు ఒక పక్క పెట్టుకుంటే రెండు ఉద్యోగాలు అవుతాయి, ఆరు గంటలకి తల్లి పడిపోతుంది. ఏ పని ఎలాగూ చెయ్యాలో అందులోనే చదువు వెతుక్కోవాలి. మొదట నాకీ తెలివి లేదు. పిల్లకి మూడున్నరేళ్లప్పుడు 6,500 రూపాయలు పెట్టి ఆన్‌లైన్‌లో ఒక ప్రీస్కూల్ కిట్ కొన్నాను. రంగురంగుల కార్డులు, చెక్క ముక్కలు, వారం వారం ఏం చెయ్యాలో చార్టు. గోడకి టైంటేబుల్ కూడా అంటించాను. మూడో రోజుకి కార్డులు మంచం కింద, పిల్ల వంటింట్లో నా కాళ్ల దగ్గర. దానికి కావాల్సింది నేను చేసే పని. శనక్కాయలు ఒలవడం, వెల్లుల్లి పొట్టు తీయడం, పప్పులో రాళ్లు ఏరడం, ఉతికిన సాక్సులు జతలు కలపడం. పెన్సిల్ పట్టుకోవడానికి వేళ్లకి కావాల్సిన బలం, పట్టు ఈ పనుల్లోనే వస్తాయి.

గ్యాస్ సిలిండర్ పెట్టిన రోజున తేదీని సుద్దముక్కతో దాని మీద రాయించండి. అయిపోయిన రోజున క్యాలెండర్‌లో ఎన్ని రోజులు వచ్చిందో లెక్కపెట్టించండి. 14.2 కిలోలని దాని మీదే ఉంటుంది, ఖాళీ సిలిండర్ బరువూ దాని మీదే ఉంటుంది. మా అబ్బాయి అంకెలు గుర్తుపట్టడం మొదలుపెట్టింది పలక మీద కాదు, సిలిండర్ మీద. పప్పు నానబెట్టడం మొదలుపెట్టాక సిలిండర్ అయిదు రోజులు ఎక్కువ వచ్చిందని వాడే లెక్క తీశాడు, నేను నమ్మక మళ్లీ లెక్కపెట్టాను.

ఇక సరుకులు. ఏడాది సరుకు ఒకేసారి కొనమని అమ్మమ్మలు చెప్తారు. నగరంలో అన్నిటికీ అది కుదరదు. ఒక ఏడాది నేను కందిపప్పు పెద్ద మూట తెచ్చాను, రెండు గదుల ఇంట్లో మంచం కింద పెట్టాను, వానలు పడగానే పురుగు పట్టింది. సగం పావురాలకి. అప్పటి నుంచి ఏడాదికి కొనేవి రెండే: ఎండుమిర్చి, చింతపండు. రెండూ ఫిబ్రవరి, మార్చిల్లో కొత్తవి దిగుతాయి, అప్పుడే ధరా బాగుంటుంది, ఎండా ఉంటుంది. బేగంబజార్‌కో మోండా మార్కెట్‌కో ఒక్కసారి వెళ్తే అయిపోతుంది. మిర్చి డాబా మీద ఆరబెట్టి, తొడిమలు తీసి గిర్నీలో పట్టించండి. గిర్నీకి పిల్లల్ని తీసుకెళ్లండి కానీ మిరపకాయల రోజు కాదు, గోధుమల రోజు. చింతపండు గింజలు తీసి, ఉప్పు కలిపి జాడీలో పెట్టుకుంటే ఏడాది కదలదు. ఆ గింజలు మాత్రం పారేయకండి.

ఎందుకంటే అవే వామనగుంటలకి గింజలు. రెండు వరసల్లో ఏడేసి గుంటలు. చెక్క పీట లేకపోతే గుడ్ల అట్టలు కత్తిరించి పక్కపక్కన పెట్టుకున్నా చాలు. గుంటలోంచి గింజలు తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవడంలో ఒకటికి ఒకటి లెక్క, ముందుచూపు రెండూ ఉన్నాయి. అష్టా చమ్మా అయితే నేల మీద అయిదుకి అయిదు గళ్లు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. నాలుగేళ్ల పిల్లకి ఎనిమిదిగళ్లు నడపడం పెద్ద పని. ఆర్నెల్లు ఆడితే వేళ్లు మడవకుండానే "ఇంకో మూడు పడితే ఇంటికి" అంటుంది. రెండేళ్ల పాప ఉందన్నారు కాబట్టి జాగ్రత్త, గింజలూ గవ్వలూ నోట్లో పెట్టుకుంటుంది. పాప పడుకున్నాకే అవి బయటికి తీయండి.

ముగ్గు కూడా అంతే. మధ్య వరసలో ఏడు చుక్కలు, సందు చుక్కలుగా అటూ ఇటూ ఆరు, అయిదు, నాలుగు. మొత్తం 37. మీరు చుక్కలు పెట్టండి, బాబుని లెక్కపెట్టమనండి. మొదట్లో 31 అంటాడు, 40 అంటాడు. దిద్దకండి. వరసకో వేలు పెట్టి లెక్కపెట్టడం వాడికే తడుతుంది.

తెలుగు అక్షరాల దగ్గర చాలామంది చేసే పొరపాటు, అ నుంచి మొదలుపెట్టి వరసగా పోవడం. అ ఆ ఇ ఈ అయ్యాక ఋ, ౠ దగ్గరికొచ్చేసరికి పిల్లాడు నీరసపడతాడు, అప్పటికి ఒక్క మాట కూడా చదవలేదు. నేను గుణింతం, ఒత్తు లేని మాటలతో మొదలుపెట్టాను. పలక, పడవ, గడప, తల, వల, కల, మడత. పది పన్నెండు హల్లులొస్తే పాతిక మాటలు చదువుతారు. "చదివాను" అన్న సంబరం మొదటి నెలలోనే రావాలి. ఆ తర్వాత తలకట్టు తీసి దీర్ఘం పెట్టడం, గుడి పెట్టడం. ఒత్తులకి ఇంట్లోనే సరుకుంది: పప్పు, ఉప్పు, అమ్మ, అన్న. తాత దగ్గర ఒత్తు లేదు, అవ్వ దగ్గర ఉంది. మా అబ్బాయి దీని మీద రెండు రోజులు నవ్వాడు. ఋషి, ఋతువు లాంటి మాటలు తర్వాత వాటంతట అవే వస్తాయి.

తెలుగెందుకు ఇంత అంటారేమో. తెలంగాణలో 2018లో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. రేపు ఏ స్కూల్లో చేర్చినా తెలుగు ఉంటుంది. ఇంగ్లీషుకి ట్యూషన్ దొరుకుతుంది, చిన్నప్పుడు నోటికి రాని తెలుగుకి తర్వాత ట్యూషన్ పెట్టినా పిల్లలు ఏడుస్తూ చదువుతారు. హిందీ సంగతి మీరు చూసుకోనక్కర్లేదు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆడుకుంటే హైదరాబాద్ హిందీ దానంతటదే వచ్చేస్తుంది. "నక్కో" (వద్దు), "హౌ" (అవును) అంటూ ఇంటికి వస్తే కంగారుపడకండి.

పుస్తకాలకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, పిల్లల బొమ్మల పుస్తకాలు కొత్తవాటి ధరలో కొద్ది వంతుకే దొరుకుతాయి. పేజీలు చిరిగాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం, ఒకే కథ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన చదివి వినిపించొచ్చు. మన రాష్ట్ర బడి పుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు కూడా నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఒకటో తరగతి తెలుగు, లెక్కల పుస్తకాలు దించుకుని మీరు చదువుకోండి, పిల్లాడి ముందు పెట్టకండి. బడిలో ఎక్కడి దాకా వెళ్తారో మీకు తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టాలి అంటే, మీ బాబు వయసుకి పావుగంట. అదీ పొద్దున, స్నానం అయ్యాక. మిగతా అంతా పని, ఆట, కథ. నేను మొదట రెండు గంటలు కూర్చోబెట్టేదాన్ని, ఆ రెండు గంటలూ ఇద్దరం ఏడ్చేవాళ్లం.

వారంలో ఒకరోజు బయటికి తీసుకెళ్లండి. ఆధార్ చూపిస్తే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకి జీరో టికెట్ (ఉచితం) కదా, 2023 డిసెంబర్ నుంచి. మీకు 218 ఎక్కితే కోఠి దాకా ఒకటే బస్సు. ఆ బస్సు ప్రయాణమే ఒక పాఠం. బోర్డుల మీద అక్షరాలు, బస్సుల నంబర్లు. కోఠి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. శుక్రవారం సెలవు. అక్కడి గడియారంలో గంట గంటకీ చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది. పన్నెండింటికి జనం ఎక్కువ, చిన్నపిల్లలకి ఏమీ కనపడదు. పదకొండింటికి వెళ్లండి, దెబ్బలు పదకొండు లెక్కపెట్టించండి, బొమ్మలు నాలుగు చూసి బయటికి వచ్చేయండి. మ్యూజియం మొత్తం చూపించాలని పట్టుబడితే మళ్లీ ఆరు గంటల కథే. టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా ఇంటి నుంచే.

అంగన్‌వాడీని మాత్రం వదులుకోకండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి అక్కడ ఆటపాటలు, భోజనం, గుడ్డు ఉంటాయి. మూడేళ్ల లోపు పిల్లలకి బాలామృతం అనే పౌష్టికాహార పిండి ఇస్తారు, మీ పాపకి వర్తిస్తుంది. "అంగన్‌వాడీకా?" అని మొహం పెట్టేవాళ్లు ఉంటారు. నేనూ పెట్టాను మొదట్లో. మా అబ్బాయి రోజూ రెండు గంటలు వెళ్లేవాడు. వాడికి నలుగురు పిల్లలు దొరికారు, నాకు రెండు గంటల ఖాళీ దొరికింది. ఆ రెండు గంటల్లోనే పదకొండింటి కుక్కర్ అయిపోయేది.

చట్టం సంగతి. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి. ఆరేళ్లలోపు ఇంట్లో ఉంచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీరు అనుకుంటున్నది ఒకటో తరగతి దాకానే కాబట్టి మీకు చిక్కే లేదు. ఆరు దాటాక కూడా ఇంట్లోనే కొనసాగించేవాళ్లు ఉన్నారు, చట్టంలో ఇంటి చదువు ప్రస్తావన లేదు, వాళ్లు పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాయిస్తారు, దానికి పద్నాలుగేళ్లు నిండాలి. నేనైతే ఆ దారి పట్టలేదు. ఏడేళ్లొచ్చాక పిల్లలకి వాళ్ల వయసు గుంపు కావాలనిపించింది, నాకూ ఓపిక అయిపోయింది.

ఆ చట్టంలోనే మీకు పనికొచ్చేవి రెండున్నాయి. నాలుగో సెక్షన్ ప్రకారం, ఆరేళ్లు దాటినా బడిలో చేరని పిల్లల్ని వయసుకి తగిన తరగతిలో చేర్చుకోవాలి. పదమూడో సెక్షన్ ప్రకారం, చేర్చుకోవడానికి పిల్లలకిగానీ తల్లిదండ్రులకిగానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదు, డొనేషన్ అడగకూడదు. కాగితం మీద ఇలా ఉంటుంది. మా అమ్మాయిని తీసుకెళ్లిన మొదటి ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు స్పెల్లింగులు అడిగారు, అయిదింటిలో మూడు తప్పు రాసింది, "యూకేజీలో వేస్తాం" అన్నారు. ఏడేళ్ల పిల్లని! సెక్షన్ నంబరు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు. అక్కడ పోట్లాడి సీటు సంపాదించి ఆ టీచర్ల దగ్గరే పిల్లని వదలడం నాకు ఇష్టం లేకపోయింది. వేరే స్కూలుకి వెళ్లాం, రెండో తరగతిలోనే తీసుకున్నారు. దసరా సెలవుల నాటికి ఇంగ్లీషు అందుకుంది, లెక్కల్లో మొదటి నుంచీ ముందే ఉంది. బర్త్ సర్టిఫికెట్, ఆధార్ ఇప్పుడే సరిచూసి పెట్టుకోండి, పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా జూన్‌లో తిరగాల్సి వస్తుంది. ఫిబ్రవరి నుంచే స్కూళ్లు చూడడం మొదలుపెట్టండి.

ఇక అత్తగారు. ఒప్పించాలని చూడకండి, పని అప్పజెప్పండి. మా అత్తమ్మ కూడా ఏడాదిపాటు "పక్కింటి పిల్ల ఏబీసీడీ చెప్తోంది" అని దెప్పేది. ఒకరోజు నాకు జ్వరమొస్తే మధ్యాహ్నం పూట పిల్లల్ని ఆమెకి వదిలేశాను. లేచి చూస్తే హాల్లో నేల మీద సుద్దముక్కతో గళ్లు గీసి అష్టా చమ్మా ఆడిస్తోంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు ఆమె క్లాసు. కథలు, పొడుపుకథలు, ఆటలు అన్నీ ఆమె ఇష్టం, నేను తలదూర్చను, ఆ టైములో నేను పడుకుంటాను. సాయంత్రం ఆరుకి నా కాళ్లు లాగడం తగ్గింది అప్పటి నుంచే. ఒకే ఒక్క ఇబ్బంది, ఆమె గవ్వలు బోర్లా పడేలా వేయడం పిల్లలకి నేర్పేసింది. ఇప్పుడు మా ఇంట్లో నేనొక్కదాన్నే ఓడిపోతున్నాను.